కునుకు మీదికి తోసిన నేరం

పొగాకు కాల్చే బ్యారన్‌లో ఆకు చెడిందంటే మా మెట్టలో తీర్పు తెల్లారకముందే వచ్చేస్తుంది. "రాత్రి కాల్చినోడు కునుకు తీశాడు." ఆత్మకూరు బస్టాండు పక్క టీ కొట్లోనైనా, ఉదయగిరి దుర్గం కింద ఊళ్లలోనైనా, మర్రిపాడు మండలం డీసీపల్లి వేలం కేంద్రం గేటు ముందైనా మాట ఒకటే. బ్రైట్ గ్రేడు రావలసిన బేలు మీడియంలో పడినా కునుకే కారణం. ఎవరూ పాడక బేలు నోబిడ్ అయి వెనక్కొచ్చినా కునుకే. రాత్రంతా పొయ్యి ముందు కూర్చుని కట్టె ఎగదోసిన మనిషి కూలిలో కోత పడుతుంది, పై ఏడు అతన్ని పిలవరు. అతను ఎదురు చెప్పడు. చెప్పడానికి అతని దగ్గర ఏముంది? రాత్రి రెండు గంటలకు లోపల ఏం జరిగిందో ఎక్కడా రాసి లేదు.

ఈ తీర్పు ప్రతిసారీ తప్పని నేననను. కునుకు పట్టే రాత్రులూ ఉంటాయి. కానీ సాక్ష్యం లేకుండా ఇచ్చే తీర్పు, ఒకవేళ నిజమే అయినా, తీర్పు అనిపించుకోదు. పైగా సాక్ష్యం దొరకని వస్తువేమీ కాదు. చేతిలో ఇమిడే పెట్టె ఒకటుంది, డేటా లాగర్ అంటారు. అయిదు నిమిషాలకోసారి వేడి, తేమ కొలిచి, టైముతో సహా తనలోనే రాసుకుంటుంది. అలాంటివి నాలుగు, గాలి ఒత్తిడిలో తేడా కొలిచేది ఒకటి పెడితే ఆరేడు రోజుల క్యూరింగ్, అంటే ఆకు రంగు తిప్పి ఎండబెట్టే పని, మొత్తం మన ముందు పరుచుకుంటుంది. "ఇవన్నీ పెద్ద పెద్ద బిల్డింగులకు, ఆస్పత్రులకు గానీ మన ఇటుక బ్యారన్‌కెందుకు?" అని కొట్టిపారేసేవాళ్లు ఉన్నారు. ఈ వ్యాసం వాళ్లకే.

ముందు బ్యారన్ అంటే ఏమిటో ఒప్పుకుందాం. అది ఆకును కాల్చే పొయ్యి కాదు. ఆకులోని నీళ్లను గాలికెత్తి బయటికి పంపే గది. పచ్చాకులో నూటికి ఎనభై పాళ్ల పైన నీళ్లే. ఉదాహరణకు రెండు టన్నుల పచ్చాకు కర్రలకు అల్లి ఎక్కించారనుకోండి, దిగేది మూడొందల కిలోలు. మిగతా 1,700 కిలోలు ఎటు పోయాయి? పొగగొట్టంలోంచి కాదు. పై వెంటిలేటర్లలోంచి ఆవిరిగా పోయాయి. ఒక ఘనపు మీటరు గాలి కింది సందులోంచి లోపలికొచ్చి, వేడెక్కి, ఆకు మధ్యగా పైకెక్కి బయటపడేటప్పటికి మోసుకుపోయేది ఉజ్జాయింపుగా 30 గ్రాముల నీరు. అంటే 55 వేల ఘనపు మీటర్లకు పైగా గాలి కావాలి. పొడవు, వెడల్పు, ఎత్తు అయిదేసి మీటర్లున్న బ్యారన్‌లో పట్టేది 125 ఘనపు మీటర్లు. ఆ గదిలోని గాలి వారంలోపు నాలుగు వందలసార్లకు పైగా మారాలన్నమాట. మంట చేసేది ఆ గాలిని తోలడం, దాని దాహాన్ని పెంచడం. గాలి కదలకపోతే ఎన్ని కట్టెలు తగలేసినా ఆకు ఎండదు, ఉడుకుతుంది.

మన వాదనలన్నీ మంట చుట్టూనే తిరుగుతాయి. కట్టె పచ్చిది, సరుగుడు బాగా లేదు, జామాయిలు అయితే బాగుండేది, మంట ఎక్కువైంది, తక్కువైంది. గాలి ఊసు మాత్రం ఎవరూ ఎత్తరు. కంటికి కనబడదు కాబట్టి కాబోలు.

"యాభై ఏళ్లుగా థర్మామీటరు వేలాడుతోంది కదా అబ్బయ్యా, అది చాలదా?" అని అడిగారొకాయన. చాలదు. ఆ థర్మామీటరు ఎక్కడ వేలాడుతోందో చూడండి. గోడకున్న అద్దంలోంచి చదవడానికి వీలుగా, కింది వరసల దగ్గర. పొయ్యి పొగ తిరిగే ఇనుప గొట్టాలు నేల మీదే ఉంటాయి గనక వేడి పొడిగాలి ముందు తగిలేది ఆ వరసలకే. అవి ఎండడం మొదలెట్టే సమయానికి పై వరసల ఆకు ఇంకా తడి ఆవిరిలో మునిగి ఉంటుంది. కింద థర్మామీటరు 48 చూపిస్తుంటే పైన ఏముందో అది చెప్పదు. ఇంకో సంగతి, ఎవరైనా టార్చి వేసి చూసినప్పుడే అది థర్మామీటరు. పన్నెండుకు ఒకసారి, మూడుకు ఒకసారి చూశారు. మధ్య మూడు గంటలకు లెక్క ఎవరు చెప్పాలి?

పొడి థర్మామీటరు ఒక్కటే ఉంటే సగం కథ కూడా కాదు. పక్కన తడిగుడ్డ చుట్టిన థర్మామీటరు ఉండాలి. ఆకు రంగు తిరిగే దశలో 35 నుంచి 38 డిగ్రీల సెల్సియస్ వేడి, తడి థర్మామీటరు దానికి ఒకటి రెండు డిగ్రీలు మాత్రమే తక్కువ. ఆ తేడా పెరిగితే రంగు తిరగకముందే ఆకు ఎండి పచ్చ అలాగే కట్టేస్తుంది. తరవాత రెక్క ఎండే దశలో వేడి మెల్లగా 54 దాకా తీసుకుపోవాలి, తడి థర్మామీటరును మాత్రం 40, 41 దాటనీయకూడదు. దాటిందా, ఆకు మీద గోధుమరంగు దిగుతుంది, అది మళ్లీ పోదు. చివర ఈనె ఎండడానికి 70, 72. కాల్చే మనిషి చేతిలో ఉన్నది పొయ్యి, వెంటిలేటర్ల మూతలు. తడి థర్మామీటరు 41 దాటకుండా ఆపేది మాత్రం లోపలికి బయటికి పోయే గాలి. ఆ గాలి అతని చేతిలో ఎంత ఉంది?

ఇక్కడ కాస్త ఆగి లెక్క చూడాలి, వాదనకు ఇదే గుండెకాయ.

వేడిగాలి తేలిక, చల్లగాలి బరువు. ఆ బరువుల తేడాయే బ్యారన్‌లో గాలిని తోస్తుంది. జనవరి రాత్రి బయట 20 డిగ్రీలు, లోపల 48 అనుకుందాం. అయిదు మీటర్ల ఎత్తుకు వచ్చే తోపు సుమారు 5 పాస్కల్స్. ఒక మిల్లీమీటరు ఎత్తు నీళ్లు వేసే ఒత్తిడే దాదాపు 10 పాస్కల్స్. అంటే టన్నుల ఆకును ఆరబెట్టే బలం మొత్తం కలిపి అర మిల్లీమీటరు నీళ్లంత! ఇక మార్చి మధ్యాహ్నం చూడండి. ఆత్మకూరులో బయట 38. లోపల అదే 48. తోపు 2 పాస్కల్స్ లోపుకు పడిపోతుంది. అవే సందులు, అదే మంట, లోపలికొచ్చే గాలి మాత్రం రాత్రి వచ్చేదాంట్లో సగం కంటే కొంచెం ఎక్కువ. జనవరిలో మొదటి కొట్టుడు ఆకు బంగారంలా దిగి, మార్చిలో అదే మనిషి అదే చేత్తో కాల్చిన పై ఆకు కమిలిందంటే, మనిషి మారాడా, బయటి గాలి మారిందా?

దీనికి తోడు వీచే గాలి ఉంది. సెకనుకు మూడు మీటర్ల వేగం, అంటే చెట్ల ఆకులు కదిలే పాటి గాలి, గోడ మీద వేసే ఒత్తిడి 5 పాస్కల్స్ పైన. అయిదు మీటర్ల వేగమైతే 15. వెలికొండల వైపు నుంచి పడమటి గాలి లేచి పై వెంటిలేటరుకు ఎదురుగా కొట్టిందంటే బ్యారన్ తనంతట తాను పుట్టించుకున్న అయిదు పాస్కల్స్ ఆ గాలికి ఆనవు. బయటికి పోవలసిన ఆవిరి లోపలే తిరుగుతుంది. ఆ పూట కాల్చే మనిషి కళ్లలో వత్తులేసుకుని కూర్చున్నా తడి థర్మామీటరు ఎక్కుతుంది. అప్పుడతను ఏం చేస్తాడు? తేమ పోవాలని మంట పెంచుతాడు. పెద్దలు చెప్పింది అదే కదా. వేడి పెరిగిన కొద్దీ ఆకు ఇంకా నీళ్లు వదులుతుంది, పోయే దారి మాత్రం అంతే. మంట పెంచితే గాలి దానంతటదే పోతుందన్న మాట తోపు బలంగా ఉన్న రాత్రి సగం నిజం. పడమటి గాలి కొట్టే సాయంత్రం పూర్తి అబద్ధం.

ఒత్తిడి తేడా కొలిచే లాగర్ ఈ సంగతి ముఖాన కొట్టినట్టు చూపిస్తుంది. సన్నని రబ్బరు గొట్టం ఒకటి లోపల కింది వరస ఎత్తులో, ఇంకొకటి బయట అదే ఎత్తులో, గాలి నేరుగా తగలకుండా. బ్యారన్ ఆరోగ్యంగా ఉంటే కింద లోపలి ఒత్తిడి బయటికంటే తక్కువగా, పైన ఎక్కువగా ఉండాలి. కింద పీల్చాలి, పైన వదలాలి. మధ్యలో ఎక్కడో ఒక ఎత్తున రెండూ సమానం. ఆ సమానపు ఎత్తు ఎప్పుడూ పెద్ద సందు ఉన్న వైపు జరుగుతుంది. తలుపు కింద వేళ్లు పట్టే సందు ఉంటే అది కిందికి దిగిపోతుంది. పైకప్పు రేకుల అతుకులు నోళ్లు తెరిచి ఉంటే పైకెక్కుతుంది. గోడెక్కి చూడకుండానే సందు ఎక్కడుందో కాగితం మీద తెలుస్తుంది.

ఇంకో పరీక్ష నాకు బాగా నచ్చుతుంది. గాలి పడిపోయిన రాత్రి కింది వెంటిలేటర్లన్నీ ఒక పది నిమిషాలు మూసెయ్యండి. లోపలికొచ్చే దారి మూసుకుంది కాబట్టి కింద పీల్పు పెరగాలి. లాగర్ గీసే గీత కదలలేదనుకోండి, మీరు మూసినవి అసలు దారులే కావు. గాలి వేరే చోటనుంచి వస్తోంది. తలుపు నుంచో, గోడ పగులు నుంచో, గొట్టం గోడలో దూరే చోట రాలిపోయిన మట్టి నుంచో. అప్పుడు ఒక అగరబత్తి వెలిగించి సందు సందుకూ చూపిస్తే పొగ ఎటు లాగుతుందో మీ కళ్లే చెబుతాయి. కాల్చే మనిషి ఇన్నాళ్లూ మూతలు తీసి మూసి చేసిన సేవ అంతా స్టీరింగు ఊడిన బండిని తోలడమే అయిందని ఆ పది నిమిషాల్లో తేలిపోతుంది.

"అదెందుకు, ఫోన్లోనే ఒత్తిడి చూపించే యాప్ ఉంది" అన్నాడొక కుర్రాడు. నాయనా, ఫోన్ చూపేది మొత్తం వాతావరణపు ఒత్తిడి, సుమారు లక్ష పాస్కల్స్. మన ప్రాంతంలో అది రోజూ పొద్దున పది ప్రాంతంలో ఎక్కి సాయంత్రం నాలుగు ప్రాంతంలో దిగుతుంది, ఆ ఎక్కుదిగుడే మూడు నాలుగు వందల పాస్కల్స్. ఫోన్ కింది వరస నుంచి పై వరసకు ఎత్తితేనే నలభై పైచిలుకు మారుతుంది. ఇందులో నీ అయిదు పాస్కల్స్ ఎక్కడ వెతుకుతావు? లోపలికీ బయటికీ తేడా మాత్రమే కొలిచే పరికరం వేరు, అదీ 25, 50 పాస్కల్స్ లోపు అంకెలను స్పష్టంగా చదివేది కావాలి.

యాప్ మాట వచ్చింది కాబట్టి రెండో వైపు వాళ్లకూ నాలుగు తగిలించాలి. ఈ మధ్య "స్మార్ట్ బ్యారన్" అంటూ తలుపు దగ్గర ఒక సెన్సారు తగిలించి, ఫోన్లో ఒక అంకె చూపించి, ఇక మీరు ఇంట్లో పడుకోండి అని అమ్ముకునేవాళ్లు తయారయ్యారు. థర్మామీటరుకున్న జబ్బే దీనికీ ఉంది. ఒక్క చోట, ఒక్క అంకె. పైగా చౌక లాగర్లలో చాలావాటి ఓపిక 60, 70 డిగ్రీల దగ్గరే అయిపోతుంది. ఈనె ఎండే దశకు వచ్చేసరికి అవి తప్పుడు అంకెలు చూపిస్తాయి, లేదా చచ్చి ఊరుకుంటాయి. తేమ కొలిచే పొరకు ఆకు జిగురు పట్టినా అంతే. కొనేటప్పుడు ఎన్ని డిగ్రీల దాకా పనిచేస్తుందని అడగండి. జవాబు నసిగితే డబ్బులు జేబులో పెట్టుకుని వచ్చెయ్యండి.

పొగ సంగతి అన్నిటికంటే తీవ్రమైంది, మనవాళ్లు దాన్నే తేలిగ్గా తీసుకుంటారు. మన బ్యారన్‌లో పొయ్యి పొగ ఇనుప గొట్టాల్లో గదంతా తిరిగి పొగగొట్టం గుండా పోతుంది, ఆకును తాకకూడదు. పొయ్యి బాగా మండుతున్నప్పుడు గొట్టాల్లో పీల్పు బ్యారన్ పీల్పుకంటే ఎక్కువ, కాబట్టి అతుకు వదులైనా పొగ బయటికి రాదు. తెల్లవారుజామున మంట తగ్గి పొగగొట్టం చల్లబడితే లెక్క తిరగబడవచ్చు. అప్పటికి బ్యారన్ వేడిగానే ఉంటుంది, నేల దగ్గర గట్టిగా పీలుస్తుంటుంది, పైకప్పు సందులు పెద్దవైతే మరీ గట్టిగా. అతుకులోంచి పొగ లోపలికొచ్చి ఆకుకు పట్టుకుంటుంది. దీన్ని "కట్టె వాసన" అని కొట్టిపారేయడం కుదరదు. అమెరికాలో గ్యాసు మంట పొగను నేరుగా బ్యారన్‌లోకి వదిలే పద్ధతి ఉండేది. ఆ పొగలోని నైట్రోజన్ ఆక్సైడ్లు ఆకులోని నికోటిన్‌తో కలిసి నైట్రోసమైన్లనే క్యాన్సర్ కారకాలు తయారవుతున్నాయని తేలాక, 2000 ప్రాంతంలో అక్కడి రైతులు వేల బ్యారన్‌లకు పొగ ఆకును తాకకుండా హీట్ ఎక్స్‌ఛేంజర్లు బిగించుకోవలసి వచ్చింది. పొగాకే క్యాన్సర్ కదా, ఇంకా దీని సంగతెందుకని అడిగేవాళ్లకు జవాబు వేరే వ్యాసంలో చెప్పాలి. కానీ పొగ ఉన్న బ్యారన్‌లో తలదూర్చి కర్రలు సర్దే మనిషి పీల్చే కార్బన్ మోనాక్సైడ్ సంగతి ఇప్పుడే చెప్పాలి. దానికి రంగుండదు, వాసనుండదు. తలనొప్పి వస్తే "ఆకు ఘాటు" అనుకుంటారు.

కునుకు గురించి ఒక పాత కథ. వేడితో ఆకును పసుపుగా దింపే విద్య 1839లో ఉత్తర కరొలైనాలోని కాస్వెల్ కౌంటీలో పుట్టిందంటారు. స్టీఫెన్ అనే బానిస యువకుడు, కమ్మరి పని తెలిసినవాడు, రాత్రి బ్యారన్ కాస్తూ కునుకు తీశాడట. లేచేసరికి మంట ఆరిపోబోతోంది. గాభరాగా కొలిమి బొగ్గులు తెచ్చి ఎగదోశాడు. ఒక్కసారి పెరిగిన ఆ పొడి వేడికి ఆకు నిమ్మపండు రంగు తిరిగింది. లాభం యజమాని ఎబిషా స్లేడ్‌కు పోయింది, స్టీఫెన్‌కు చరిత్రలో మిగిలిన ఇంటిపేరు కూడా యజమానిదే. ఆకు బాగుపడితే పేరు యజమానిది, చెడితే కునుకు పనివాడిదన్న లెక్క అంత పాతది.

లాగర్ ఆ లెక్కను సరిచేస్తుంది, ఎవరి పక్షమూ వహించకుండా. పొయ్యికి దగ్గరగా గొట్టం మీద వేడి కొలిచే తీగ ఒకటి కట్టండి. రాత్రి రెండు నుంచి నాలుగు దాకా గొట్టం వేడి జారుతూ పోయిందా, మనిషి కునుకు తీసినట్టే, అడగండి. గొట్టం వేడి గీత నిలకడగా ఉండి, అదే సమయంలో పై వరస తడి థర్మామీటరు ఎక్కిందా, నేరం వెంటిలేటరుది, తలుపుది, లేదా ఆ రాత్రి గాలిది. ఒక మూల వరసలు మాత్రమే వెనకబడితే ఆ మూల ఆకు మరీ దగ్గరగా ఎక్కించారు. ఎక్కించింది కాల్చే మనిషి కాదు, పొద్దున పని తొందరగా ముగించమని కేకలేసిన రైతు.

ఇదేమీ గొప్ప విద్య కాదు. ఇళ్లలో గాలి ఎక్కడ కారుతోందో చూడడానికి కిటికీలో ఫ్యాను బిగించి 50 పాస్కల్స్ తేడా తెచ్చి కొలవడం స్వీడన్‌లో 1970లలోనే మొదలైంది. మన బ్యారన్‌కు ఫ్యాను కూడా అక్కర్లేదు, మంటే ఫ్యాను. జాగ్రత్తలు కొన్ని ఉన్నాయి. లాగర్లన్నిటి గడియారాలు ఒకే నిమిషానికి కలపాలి, లేకపోతే ఏది ముందు ఏది వెనక తెలియదు. ఒత్తిడి పరికరానికి మొదట రెండు గొట్టాలూ కలిపి పట్టుకుని సున్నా చూపిస్తోందో లేదో చూసుకోవాలి. వేడికి అయిదు నిమిషాలకో అంకె చాలు. ఒత్తిడికి మాత్రం కొన్ని సెకన్లకో అంకె కావాలి, ఈదురుగాలి నిమిషం ఆగదు. బయట నీడలో ఒకటి తప్పకుండా పెట్టాలి. బయటి గాలి తెలియకుండా లోపలి అంకెలు చదవడం దండగ.

ఖర్చు మాటకొస్తే, వేడి, తేమ లాగరు కొన్ని వేల రూపాయల్లో వస్తుంది, ఒత్తిడిది ఇంకా ఎక్కువ. రైతుకు సొంతంగా కొనమని నేననడం లేదు. ఒక్క సీజన్లో రెండు క్యూరింగులకు పెడితే ఆ బ్యారన్ గుట్టు తెలిసిపోతుంది, తరవాత పక్కూరికి ఇచ్చెయ్యొచ్చు. పొగాకు బోర్డు 1976 నుంచి ఉంది. ఏ బ్యారన్ ఎవరి పేరున ఉందో, ఎన్ని కిలోలకు అనుమతి ఉందో బోర్డు లెక్కల్లో ఉంటుంది, ఆ బ్యారన్‌లో గాలి ఆడుతోందో లేదో మాత్రం ఏ పుస్తకంలోనూ ఉండదు. డీసీపల్లిలో ఒక సెట్టు, కలిగిరిలో ఒక సెట్టు పెట్టి, వరస ప్రకారం తిప్పితే సరిపోతుంది. రాజమండ్రిలో పొగాకు పరిశోధన కేంద్రంగా పేరుపడిన సంస్థకు కందుకూరులో శాఖ ఉంది. గీతలు చదవడం నేర్పడానికి అంతకంటే దగ్గర మనుషులెవరు?

"మా తాత కట్టిన బ్యారన్, పాతబడింది, దానికి పరీక్షలేమిటి, కూలిందాకా కాల్చుకుంటాం" అనేవాళ్లు చివరికి మిగులుతారు. పాతదే కాబట్టి పరీక్ష. కిలో ఆకుకు నాలుగైదు కిలోల కట్టె మింగుతోందంటే అందులో కొంత తలుపు సందులోంచి, కప్పు అతుకుల్లోంచి ఊరికే పోతోంది. ఎంతో, ఎక్కడో తెలిశాక చెయ్యాల్సింది రేకుల మధ్య సిమెంటు పెట్టడం, గొట్టం చుట్టూ మట్టి మెత్తడం, తలుపు అడుగున పాత గోనెపట్టా కొట్టడం. దానికి ఇద్దరు మనుషుల ఒక పూట కూలి. కూలి మాట్లాడేటప్పుడు కాల్చే మనిషికి పోయిన ఏడు కోసిన డబ్బులు కూడా కలిపి ఇచ్చేస్తే సరి.